సముద్రం మీది మంచె

ఇటు జరగండి బిడ్డా, ఇటు. తట్ట దించి వచ్చినవాళ్లు ముందు కూర్చోండి, కాళ్లు చాపుకోండి, ఎవరూ ఏమీ అనరు. ఆ వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలూ, మీరూ రండి. నిలబడి విన్న మాట చెవి దాటదు, కూర్చుని వింటే కడుపులోకి దిగుతుంది. ఇది రాజుల కథ కాదు, రాకాసుల కథ కాదు. రాకాసులు ఉన్నారు గానీ వాళ్లు జీపుల్లో తిరుగుతారు. ఒక ఊరు, ఊరి పక్కన ఒక బోడు, అంటే చిన్న గుట్ట, ఆ బోడు మీద ఒక ఆడమనిషి చేతిలో ఒక కందీలు. అంతే కథ. మన ఇళ్లలో దూలానికి వేలాడే కందీలే, కిరసనాయిలు పోసి వెలిగించేదే. ఆ కందీలును చూసి ఒక పటేలు ఎట్లా వెనక్కి నడిచాడో చెబుతాను, వినండి.

కోస్గి నుంచి పడమటికి పోయే బాటలో రాళ్లకంచ అని ఊరు. తొంభై అయిదో, తొంభై ఆరో ఆ ఏడు. వాన మొహం చాటేసింది. చెలకల్లో జొన్న మోకాలెత్తు రాకముందే మాడిపోయింది. ఊళ్లో మిగిలిన పచ్చదనం ఒక్కటే, గొర్లబోడు. పేరుకు తగ్గ బోడు. తాతల నాటి నుంచి గొర్లు మేసిన జాగా.

ఒక పొద్దున గుర్వమ్మ మంద తోలుకొని పోయేసరికి బోడు చుట్టూ ముళ్లతీగ ఉంది. తీగ లోపల కొండచిలువల్లాగా పడుకొని ఉన్నాయి ఇనుప గొట్టాలు. ఒక్కొక్క దాని లోపల ఎద్దు నిలబడవచ్చు, అంత లావు. సర్కారు బోడును గాలి కంపెనీకి ఇచ్చిందట. గాలిమరలు నిలబెట్టి గాలితో కరెంటు తీస్తారట. ఈ గొట్టాలు గాలిమరకు కాళ్లట. గొట్టాన్ని నిలువునా పాతి, లోపల కాంక్రీటు పోసి, దాని మీద మర నిలబెడతారట. ఊరి బోడు ఇచ్చేటప్పుడు ఊరిని ఎవరూ అడగలేదు. అడిగితే అది సర్కారు ఎట్లా అవుతుంది?

మనిషి తీగ దగ్గర ఆగుతాడు, గొర్రె ఆగదు. మంద ముందు నడిచే నల్ల పొట్టేలు తీగ కింద దూరింది. దాని వెనక మంద దూరింది. లోపలికి పోయి మేయలేదు బిడ్డా, గొట్టాలను నాకుతున్నాయి! కరకరమని, దూడ తల్లిని నాకినట్టు నాకుతున్నాయి. గుర్వమ్మకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. మందను తోలుకొద్దామని తానూ దూరింది.

కాపలావాడు కట్టె పట్టుకొని వచ్చాడు. "ఎవర్ని అడిగి వచ్చినవే లోపటికి?"

"గొర్రెను అడిగి వచ్చిన. అది ముందు వచ్చింది, నేను దాని వెనక వచ్చిన."

వీపు మీద కట్టె దిగింది. ఇంతలో జీపు వచ్చింది, జీపులో మాణిక్‌రావు. అతని తండ్రి ఆ చుట్టుపక్కల పటేలు. పటేలుగిరీ పోయినా పిలుపు పోలేదు. మాణిక్‌రావు అంతకు ముందు పాలమూరు కూలీలను లారీలకెత్తి డ్యాముల దగ్గరికి తోలిన మనిషి. మనుషులను తోలిన చేతికి ఇనుము తోలడం ఎంత పని? గాలి కంపెనీ కాంట్రాక్టు అతనిదే.

"సర్కారు జాగల గొర్లు మేపుతావే? జుర్మానా కట్టు."

"నా కాడ ఏమున్నది పటేలా, కట్టనీకె?"

"ఎందుకు లేదు?" అని మాణిక్‌రావు నల్ల పొట్టేలు వైపు చూశాడు.

ఆ మధ్యాహ్నం క్రేను నడిపేవాళ్లకు దాన్ని కోసి వండారు. తోలు తెచ్చి ముళ్లతీగ మీద ఆరేశారు, ఊరికి కనబడేటట్టు. గుర్వమ్మ తీగ బయట నిలబడి చూసింది. ఏడవలేదు. చేతికి అంటిన తెల్లటి పొడిని నాలుక మీద పెట్టుకుంది. ఇందాక గొట్టాన్ని పట్టుకున్నప్పుడు అంటిన పొడి అది.

ఉప్పు.

మేపడానికి జాగా లేకపోతే మందను ఎక్కడ పెట్టుకుంటారు? సగం సంతలో పోయింది. గుర్వమ్మ పెనిమిటి పర్వతాలు, శ్రీశైలం మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు, మంద కాసే కర్ర మూలకు పెట్టి బోడు మీద కూలికి పోయాడు. ఊరివాడే ఎల్లస్వామి, అక్కడ గుంపు మేస్త్రి. వరసకు పర్వతాలుకు తమ్ముడు. వాడే వచ్చి పిలిచాడు. "బోడు మనది గాకపాయె, బోడు మీద పనన్న మనది గానీ" అన్నాడు. ఆ మాటకు ఊరు తల ఊపింది. మన మెడకు ఉరి వేసినా, తాడు మనదే కదా అని సంతోషపడే జాతి మనది.

గుర్వమ్మ కూడా పోయింది. పక్కింటి జాహేదా పోయింది. జాహేదా తండ్రి పీర్ మహమ్మద్, బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే ముసలాయన, బోల్టులు విప్పడానికి పానా పట్టుకొని పోయాడు. ఆడవాళ్లు గొట్టాల మీది తుప్పు గీకాలి, మగవాళ్లు లోపల గీకాలి. గీకిన కొద్దీ ఉప్పు, ఉప్పు కింద గవ్వల పెచ్చులు.

"గిదేం గొట్టం ఎల్లన్నా? గవ్వలు పుట్టినయ్ దీనికి" అని అడిగింది గుర్వమ్మ.

"పాత బ్రిడ్జివి. నీకెందుకు వదినె? గీకు."

ఒకరోజు గొట్టాలు తెచ్చిన లారీ డ్రైవరు ఖుద్దూస్ చాయ తాగడానికి వాళ్ల దగ్గర కూర్చున్నాడు. కొత్తకోట పిల్లవాడు, మాట మీద నవ్వు ఆగదు.

"బ్రిడ్జి గాదు గిడ్జి గాదక్కా. సముద్రం నడుమ నిలబెట్టిన మంచె గిది. మన జొన్నచేన్ల కట్టెలతోని మంచె ఏస్తం చూడు, గట్లనే. నీళ్లల్ల కాళ్లు, పైన ఇనుప అటక. మనుషులు ఆడ్నే వండుకుంటరు, ఆడ్నే పండుకుంటరంట. ముసలిదయిపాయెనని కోసిండ్రు, కాళ్లు మీకొచ్చినయ్."

గుర్వమ్మ గీకుడు ఆపింది. "మంచె పంట ఉన్న కాడ ఏస్తరు గదర తమ్మీ? సముద్రంల ఏం పంటుంటది? ఏ పిట్టలను కొట్టనీకె ఏసిండ్రు?"

"చేపలు మొలకలేస్తయేమో!" అన్నాడు పీర్ మహమ్మద్. అందరూ పడిపడి నవ్వారు. జాహేదా అయితే చాయ ఒలకబోసుకుంది. పర్వతాలు లేచి, వడిసెల తిప్పినట్టు చెయ్యి తిప్పుతూ "ఆహో! ఆహో!" అని చేపలను అదిలించాడు. ఖుద్దూస్ కూడా నవ్వాడు. "ఏం పంటనో నాకూ ఎరుకలేదక్కా. తోలుమంటే తోలిన."

నవ్వు ఆగినా గుర్వమ్మ కడుపులో ఆ మాట ఆగలేదు. పట్నం నుంచి వచ్చే ఇంజనీరు జీపు దిగగానే ఎదురుపోయి అడిగింది. "సారూ, సముద్రం మీది మంచె మీద ఏం పంట కాస్తుండిరి?" ఇంజనీరుకు నవ్వొచ్చింది. "మంచెనా! బాగుంది, బాగుంది" అని పక్కవాడికి ఇంగ్లీషులో చెప్పాడు, పక్కవాడూ నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. జవాబు చెప్పడానికి రెండు అక్షరాలు చాలు బిడ్డా. ఆ రెండు అక్షరాలు చెప్పి ఉంటే ఇవాళ ఈ కథే లేదు.

మొదట వచ్చిన గొట్టాలు రెండు దిక్కులా తెరిచి ఉండేవి. గాలి ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేది. తరువాత వచ్చినవి అట్లా కాదు. వాటికి రెండు దిక్కులా నల్లటి ఇనుప మూతలు, మూతల చుట్టూ బోల్టులు. క్రేనుతో ఒకదాన్ని గుంతలో నిలువుగా నిలబెట్టారు. పక్కన కట్టెలతో పరంజా కట్టి, పైమూత విప్పి, తాడు మీద లోపలికి దిగి, అడుగున ఉన్న నల్ల మడ్డిని తీయాలి. తీస్తే కాంక్రీటు పోస్తారు.

అది నడి ఎండ. పీర్ మహమ్మద్ పానా తిప్పి మూత పక్కకు జరిపాడు. పర్వతాలు తొంగి చూసి తల వెనక్కి తీసుకున్నాడు.

"పాతర లెక్కనే ఉన్నది మామా. మూత తీయంగనే ఆవిరి మొఖానికి కొట్టింది."

పాతర అంటే ఈ కాలం పిల్లలకు తెలియదేమో. జొన్నలను నేలలో గుంత తవ్వి దాచేవాళ్లు, మీద మన్ను కప్పేవాళ్లు. మూసిన పాతరలో గాలి చచ్చిపోతుంది. తీసీ తీయగానే దిగినవాడు మళ్లీ పైకి రాడు. అందుకని ముందు దీపం దింపుతారు. దీపం ఆరితే మనిషి దిగకూడదు, దీపం నిలిస్తే దిగవచ్చు. తల్లి పాలతో పాటు వచ్చిన తెలివి అది. ఆ నేలమీద అందరికీ తెలుసు.

"పాతరది జొన్న మగ్గిన వాసన అల్లుడా. గిది కిరసనాయిలు వాసన గొడతాంది" అన్నాడు పీర్ మహమ్మద్.

"రంగు వాసన లే మామా" అన్నాడు కింద నుంచి ఎల్లస్వామి. "ముక్కు మూసుకొని దిగితే అయిపాయె. దిగన్నా."

జీపు నీడలో కూర్చున్న మాణిక్‌రావు కేక వేశాడు. "ఏందిర ముచ్చట్లు! ఆడ సిమెంటు కలుపుతాండ్రు, గడ్డ కడితే నీ అయ్య తింటడా?"

"కందీలు దింపి చూసి దిగుత పటేలా. దీపం బతికితే మనిషి బతుకుతడు."

మాణిక్‌రావు ఒక్క గడియ మాట్లాడలేదు. తరువాత "ఏదో ఒకటి చేయ్, జల్ది చేయ్" అన్నాడు. అని, జీపు ఎక్కి బోడు కిందికి పోయాడు. ఆ గడియను గుర్తుపెట్టుకోండి బిడ్డా.

కాపలావాడి గుడిసెలో ఉన్న కందీలును గుర్వమ్మ తెచ్చింది. పరంజా ఎక్కి, గాజు ఎత్తి, అగ్గిపుల్ల గీసి, కొంగు అడ్డం పెట్టి వెలిగించింది. మొగని చేతికి ఇచ్చింది.

"ఆరిందనుకో?" అని అడిగింది.

"ఆరితే పటేల్ను దింపుదం" అన్నాడు పర్వతాలు. అందరూ నవ్వారు. గుర్వమ్మ నవ్వుతూనే కిందికి దిగింది. పీర్ మహమ్మద్ కూడా బోల్టులు సంచిలో వేసుకొని ఆమె వెనకే దిగాడు. పర్వతాలు కందీలుకు తాడు కట్టి గొట్టంలోకి వదిలాడు.

అది ఆరిపోలేదు బిడ్డా. ఆరిపోయినా బాగుండేది.

బోడు దద్దరిల్లింది. గొట్టం నోటి నుంచి మంట లేచింది, తాడిచెట్టంత. పరంజా కట్టెలు పిట్టల్లాగా లేచిపోయాయి. తీగ బయట మిగిలిన గొర్లు ఊరిదాకా పరుగెత్తాయి. పర్వతాలును ట్రాక్టరు తొట్టిలో వేసుకొని దవాఖానకు బయలుదేరారు. కోస్గి బాట ఎక్కక ముందే వాడు పోయాడు. పోయేముందు గుర్వమ్మను చూసి ఒక్క మాట అడిగాడు. "దీపం నిలిచిందా?"

దినాలు ముగియకముందే మాణిక్‌రావు వచ్చాడు, వెంట పోలీసు అమీన్‌ను తీసుకొని.

"అగ్గి పెట్టుమని నేను చెప్పిన్నా?" అన్నాడు. "మీ చదువులేనితనమే వాన్ని తిన్నది. కందీలు దించుడేంది, గొట్టం ఏమన్న పాతరనా? ముట్టించింది ఎవరు? గిదే. మొగన్ని చంపుకున్నది."

అమీన్ చేతికర్రతో బూటు తట్టుకుంటూ అన్నాడు. "చూడమ్మ, కేసు రాస్తే నీ మీదనే రాయాలె. రేపు ఇంజనీరు సాబ్, పెద్దమనుషులు బోడు మీదికి వస్తరు. నలుగురిల నిలబడి, మా తప్పే అని చెప్పు. కేసు ఉండదు. పని నడుస్తది. అందరు తింటరు."

వాళ్లు పోయాక ఊరంతా పీర్ మహమ్మద్ కొలిమి ముందు కూడింది. కొలిమిలో నిప్పు లేదు. గుర్వమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. అగ్గిపుల్ల గీసిన కుడిచేతిని ఎడమచేతితో గట్టిగా పట్టుకొని ఉంది. అది తన చెయ్యి కాదన్నట్టు.

ఎల్లస్వామి లేచాడు. "పోయినోడు నా అన్న. నాకు దుఃఖం లేదనుకుంటాండ్రా? కానీ బతికేటోళ్లు బతకాలె. కంచె ఏసిండ్రు, కరువొచ్చింది, ఈ పని బందయితే మల్ల లారీలెక్కి దేశం పోవాలె. వదినె ఒక్క మాట ఒప్పుకుంటే పోతది."

"ఒక్క మాటనా?" జాహేదా చివ్వున లేచింది. "ఆ ఒక్క మాటకు రేపు ఇంకో గొట్టంల నిన్ను దింపుతరు అన్నా. నువ్వు చచ్చినా నీదే తప్పంటరు. చచ్చుడు మనది, తప్పు మనది, కరెంటు వానిది. మంచిగున్నది లెక్క!"

"ఆడోళ్లకేం తెలుస్తది" అని ఒకడు గొణిగాడు.

"తెల్వదు. మీకేం తెలిసింది? గొట్టంల ఏమున్నదో తెలిసిందా? చెప్పు!"

ముసలి మైసమ్మ ముక్కు చీది అంది, "ఏమైతేంది బిడ్డా, దీపమైతే పెడితిమి గద. ఆ పాపం యాడికి పోతది?"

గుర్వమ్మ తల ఇంకా వంగింది. ఆమె కూడా అదే అనుకుంటోంది. పోలీసుల భయం ఎప్పుడూ బయట ఉంటుంది. నా చేతులతోనే పోయాడన్న మాట లోపల ఉంటుంది. దొరలకు లోపలి మాటే కావాలి. అది ఒక్కసారి దిగితే కట్టెతో కొట్టే పని ఉండదు.

అప్పుడు వచ్చాడు ఖుద్దూస్. లారీ ఊరి బయట పెట్టి, నడుచుకుంటూ వచ్చాడు. మొహాన ఆ నవ్వు లేదు.

"అక్కా, నీ ముచ్చట జవాబు తెచ్చిన" అన్నాడు, గుర్వమ్మ ముందు గొంతుక్కూర్చొని. "మంచె మీద ఏం పంట అని అడిగినవు చూడు. సముద్రం ఒడ్డుకు పోయినప్పుడు గొట్టాలు కోసేటోళ్లను అడిగిన. గ్యాసక్కా. పట్నంల పొయ్యి మీద మండే గ్యాసు. సముద్రం అడుగున ఉంటదంట, ఆ గొట్టాలల్లకెళ్లి పైకి తోడుతరంట. తోడి తోడి అయిపోయింది. కానీ మడ్డి ఉన్నది, మూసిన గొట్టంల ఎండకు అది మల్ల ఆవిరి లేస్తది. అగ్గి సూపిస్తే చాలు."

ఖుద్దూస్ ఇంకా దగ్గరికి జరిగాడు.

"ఇంకోటి చెప్త. ఆ మూతలు నల్లగ లేకుండె. ఎర్రగుండె, నెత్తురు లెక్క. ఎర్ర మూతున్న దాన్ని నీళ్లతోని నింపి కడగనిది తెరవొద్దని ఆడ అందరికి ఎరుక. మాణిక్‌రావు కొత్తకోట కాడ లారీలు ఆపిచ్చి నల్లరంగు పూయించిండు. ఎందుకు పటేలా అంటే, గీ ఎండల ట్యాంకర్ల నీళ్లు ఎవడు తెస్తడుర అన్నడు. మాకు గది ఉత్త రంగు లెక్కనే అనిపిచ్చె అక్కా."

పీర్ మహమ్మద్ చల్లారిన కొలిమిని చూస్తూ అన్నాడు. "ఇనుము అబద్ధం ఆడదు. మీద పూసిన రంగే ఆడుతది."

గుర్వమ్మ తల ఎత్తింది. "రేపు బోడు మీదికి పోదం. అందరం పోదం. నేను ఒప్పుకుంట."

"ఏందక్కా?" జాహేదా ఆమె భుజం పట్టుకుంది.

"దీపం నాదే. గది ఒప్పుకుంట. మిగిలింది వాడు ఒప్పుకోవాలె."

మరునాడు పొద్దు నెత్తికెక్కేసరికి బోడు మనుషులతో నిండింది. గొల్లలు, కుర్మలు, సాయిబులు, మాల మాదిగలు, పిల్ల తల్లులు. కోస్గి నుంచి కాలేజీ పిల్లలు కూడా వచ్చారు. ముళ్లతీగను మగవాళ్లు కొట్టలేదు, తొక్కారు. అది పడుకుంది. ఇంకో మూతగొట్టం అప్పటికే నిలబెట్టి ఉంది. మూత పక్కకు మట్టికట్ట పోసి బాట చేశారు, పరంజా ఎక్కడానికి కూలీలు ఒప్పుకోలేదని. బోల్టులు సగం వదులు చేసి ఉన్నాయి. కిరసనాయిలు వాసన సన్నగా వస్తోంది.

మాణిక్‌రావు, అమీన్, ఇంజనీరు కట్ట మీద నిలబడ్డారు. అమీన్ పిలిచాడు. "రామ్మా. చెప్పు. కందీలు ముట్టించింది ఎవరు?"

గుర్వమ్మ కట్ట ఎక్కింది.

"నేనే."

గుంపులో కలకలం లేచింది. మాణిక్‌రావు పెదవి మీద చిరునవ్వు వచ్చింది.

"మా ఇంట్ల పాతర తీసినప్పుడల్ల నేనే ముట్టిస్త. మా అత్త ముట్టించింది, ఆమె అత్త ముట్టించింది. ఒక్కడు చావలే. ఎందుకు? మా పాతరల ఏమున్నదో మాకు ఎరుక. జొన్నలున్నయ్. పటేలా, నీ పాతరల ఏమున్నదో నాకు ఎవరు చెప్పిండ్రు? మంచె మీద ఏం పంట అని నేను అడగలేదా? ఇంజనీరు సారూ, నిన్ను అడగలేదా? నవ్విపోతివి గద."

ఇంజనీరు నేల చూశాడు.

గుర్వమ్మ వంగి ఒక చెకుముకి రాయి తీసుకొని మూతను గీయబోయింది. నిప్పురవ్వ లేస్తుందని అమీన్ అదిరిపడ్డాడు. ఆమె రాయి పక్కన పడేసి, పీర్ మహమ్మద్ అందించిన చెక్కముక్కను కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో చుట్టి మూతను తుడిచింది. నల్లరంగు కరిగి గుడ్డకు అంటింది. ఇంకా తుడిచింది. కింద నుంచి ఎరుపు వచ్చింది. మొదట బొట్టంత వచ్చింది, తరువాత అరచెయ్యంత. గుంపు ముందుకు జరిగింది. వెనకవాళ్లు "ఏం కనబడతాంది? ఏం కనబడతాంది?" అని అడిగితే, ముందువాళ్లు "ఎరుపు! ఎరుపు!" అని చెప్పారు. ఆ మాట బోడు కిందిదాకా దొర్లింది.

"అదొక రంగు. దానికేమైతది?" అన్నాడు మాణిక్‌రావు. "లోపట ఉన్నది ఉత్త గాలి."

"ఉత్త గాలేనా?"

"ఉత్త గాలే!"

గుర్వమ్మ కొంగు కింద నుంచి కందీలు తీసింది. వెలిగించని కందీలు, జాహేదా ఇంటిది. ఇంకో చేత్తో అగ్గిపెట్టె తీసింది.

"ఇగో కందీలు. ఇగో అగ్గిపెట్టె. మా చదువులేనితనానికి పేలిందంటివి గద. నువ్వు చదువుకున్నోనివి. ఉత్త గాలే అయితే, నువ్వు ముట్టియ్యి పటేలా. మేమంత ఈడ్నే నిలబడి చూస్తం."

ఆమె వెలిగించలేదు బిడ్డా. పుల్ల తీయనైనా తీయలేదు. పెట్టెను అతని ముఖం ముందు పట్టుకొని ఒక్కసారి ఊపింది. లోపల పుల్లలు గలగలమన్నాయి.

మాణిక్‌రావు వెనకడుగు వేశాడు.

ఒక అడుగు. ఇంకో అడుగు. కాలు జారి కట్ట మీద నుంచి కింద పడ్డాడు. పంచె మన్నుకొట్టుకొని లేచి, జీపు వైపు ఉరికాడు. అమీన్ అప్పటికే ఉరికాడు. ఇంజనీరు వాళ్లకంటే ముందే జీపులో ఉన్నాడు.

కట్ట మీద గుర్వమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఎదురుగా ఊరు నిలబడి ఉంది, ఒక్కరూ కదలలేదు. ఆ వెనకడుగు కంటే ఏ సాక్ష్యం కావాలి? వాడికి తెలుసు. ఆనాడు జీపు ఎక్కి కిందికి పోయినప్పుడూ వాడికి తెలుసు.

ఎల్లస్వామి ముందుకు వచ్చాడు. చేతిలోని పానాను గుర్వమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. "నేనే దిగుమంటి వదినె" అన్నాడు. అక్కడే తల వంచుకొని కూర్చున్నాడు. గుర్వమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టలేదు. వాడిని ఓదార్చే బాకీ ఆమెకు లేదు. "పానా తీసుకో ఎల్లన్నా" అంది. "ఆ బోల్టులు మల్ల బిగియ్యి. నీళ్లొచ్చేదాక ఎవ్వడు విప్పొద్దు."

కాలేజీ పిల్లల్లో ఒకడు గొంతెత్తాడు. "మంచె మీద ఏం పంట?"

బోడంతా పలికింది. "మా పాణాలు!"

పొద్దు దిగక ముందే పోలీసు వ్యాను వచ్చింది. కాంట్రాక్టరును అగ్గితో చంపబోయిందని గుర్వమ్మను ఎక్కించుకొని పోయారు. వెలిగించని కందీలును కూడా పట్టుకుపోయారు, ఆయుధమట!

తెల్లవారి ఠాణా ముందు ఏమైందో చూడాలి. ఫెళ్లున ఎండ కాస్తుంటే, రాళ్లకంచ ఆడవాళ్లు బాటంతా నడిచి వచ్చారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కందీలు. ఒక్కటీ వెలగడం లేదు. పట్టపగలు దీపాలెందుకని చాయ దుకాణాలవాళ్లు లేచి చూశారు.

జాహేదా మెట్టెక్కి అంది. "సాబ్, ఆనాడు బోడు మీద కందీలు ముట్టించింది నేను. నన్ను లోపటెయ్యి."

మైసమ్మ ఆమెను పక్కకు నెట్టింది. మొన్న పాపం యాడికి పోతదని అడిగిన మైసమ్మే. "అది అబద్ధం చెప్తాంది. ముట్టించింది నేను."

"నేను సాబ్."

"నేను!"

అమీన్ కుర్చీలో నుంచి లేచాడు. "ఒక్క కందీలును ఎందరు ముట్టిస్తరే?"

"పాతర తీసే ఇంటింటికి ముట్టించుడు ఎరుకే సాబ్" అంది మైసమ్మ. "ఊరంతటిని పట్టు. లేకుంటే ముట్టించుమని జీపెక్కి పోయినోన్ని పట్టు."

ఊరంతటిని పట్టే జైలు లేదు. జీపెక్కినవాడిని పట్టే చెయ్యి లేదు. గుర్వమ్మను మాత్రం వదలలేదు. ఆ వానాకాలమంతా ఆమె జైల్లోనే ఉంది. ఈసారి వాన పడింది, ఆమె చూడలేదు. కానీ బోడు మీద ఒక్క మూత కూడా కడగకుండా తెరవలేదు. ట్యాంకర్లు వచ్చాయి. మూతలకు నల్లరంగు తుడిచి మళ్లీ ఎరుపు వేసింది ఎల్లస్వామే. మనిషి దిగలేదు, నీళ్లు దిగాయి. గెలిచింది అంతే. ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది.

మాణిక్‌రావుకు ఇంకోచోట ఇంకో కాంట్రాక్టు దొరికింది. గొర్లబోడు మీద గాలిమర నిలబడింది, సముద్రపు మంచె కాలు మీద. రెక్కలు తిరుగుతున్నాయి. కరెంటు తీగలు రాళ్లకంచ ఇళ్ల మీదుగానే పోతాయి, ఆగకుండా పట్నానికి పోతాయి. వాటి కింద గుర్వమ్మ ఇంట్లో ఇప్పటికీ కందీలే. ఆమె దాన్ని వెలిగించే ముందు ఒక్క గడియ ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో అడగకండి.

మీరు పనులకు పోతారు బిడ్డా. డ్యాములకు పోతారు, సొరంగాలకు పోతారు, పేరు తెలియని ఇనుము మొయ్యడానికి పోతారు. ఏదో ఒకరోజు ఎవడో మేస్త్రి వచ్చి మూత తీయమంటాడు, దిగమంటాడు, జల్ది చేయమంటాడు. అప్పుడు పని ఆపి అడగండి, "ఈ మంచె మీద ఏం పంట?" అని. వాడు నవ్వితే దిగకండి. ఉత్త గాలే అంటే, అగ్గిపెట్టె వాడి చేతికివ్వండి, వాడి కాళ్లు ఎటు నడుస్తాయో చూడండి. పర్వతాలు అడిగి పోయాడు కదా, దీపం నిలిచిందా అని. ఆ రోజు గుర్వమ్మకు జవాబు రాలేదు. ఈ కథను పక్క గుడిసెలో చెప్పండి, లారీ మీద చెప్పండి, తిన్నాక గిన్నె కడగకముందే చెప్పండి. మీరు ఇంకొకరికి చెప్పిన ప్రతిసారీ, పర్వతాలుకు ఆ జవాబు చెప్పినట్టే.